పాటకీ పాటకీ మధ్య

పొద్దున్నే పాలు పొంగిపోయాయి. స్టవ్ ముందే నిలబడి ఉన్నాడు కళ్లద్దాలాయన, కానీ చూపు మాత్రం చేతిలో ఉన్న రంగురంగుల కేటలాగు మీద ఉంది.

"నాన్నా, పాలు!" అంటూ కూతురు పరుగెత్తుకొచ్చి స్టవ్ ఆపింది.

"చూస్తూనే ఉన్నానమ్మా."

"నువ్వు చూస్తున్నది పాలు కాదులే. ఏమంటోంది ఇవాళ్టి పెట్టె? తేలిందా?"

"ఇది బాగానే ఉంది. నిన్నటిది కూడా బాగానే ఉంది." ఆయన కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని, "చూద్దాం" అన్నాడు.

ఆ 'చూద్దాం' వినీ వినీ కూతురికి విసుగొచ్చింది. ఈయనది వీధి మలుపులో కళ్లద్దాల షాపు. ఎదుటి మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, కంటి ముందు అద్దాలు మార్చి మార్చి, "ఇది బాగుందా, ముందుది బాగుందా? తొందరగా చెప్పండి, ఆలోచించకండి" అని ఊళ్లోవాళ్లందరి చేతా తేల్పించిన మనిషి. ఆయనే ఒక మ్యూజిక్ స్ట్రీమర్ ఎంచుకోలేక నెలల తరబడి తేలుస్తూనే ఉన్నాడు.

స్ట్రీమరంటే బ్రహ్మపదార్థమేమీ కాదు. లావుపాటి పుస్తకమంత పెట్టె. ఇంట్లో ఇంటర్నెట్ నుంచో, పక్కన తగిలించిన హార్డ్‌డిస్క్ నుంచో పాట తీసుకుని ఆంప్లిఫయర్‌కి అందిస్తుంది. ఆంప్లిఫయరూ, మోకాలెత్తు చెక్క స్పీకర్లు రెండూ ఆ ఇంటి హాల్లో పాతికేళ్లుగా ఉన్నవే. వాటికి పాటలు అందించిన ముసలి ల్యాప్‌టాప్ మాత్రం, దాన్ని వాడిన మనిషి పోయిన కొద్ది రోజులకే కన్ను మూసింది.

ఆ మనిషి ఆయన భార్య. బళ్లో సంగీతం టీచరు. వీధిలో అందరికీ టీచరమ్మే. పిల్లలు ఇంటి దగ్గర సాధన చేసుకోవడానికని, రోజూ పొద్దున్నే హాల్లో మైకు పెట్టుకుని పాఠాలు పాడి రికార్డు చేసేది. అలా ఏళ్ల తరబడి పాడినవన్నీ ఒక హార్డ్‌డిస్క్‌లో ఉన్నాయి. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. ఈ ఏడాదిలో ఆయన భార్య గొంతు ఒక్కసారి కూడా వినలేదు.

"నా ల్యాప్‌టాప్‌లో పెడతాను, విను" అని కూతురు ఎన్నోసార్లు అంది.

"వద్దులేమ్మా. అది చెవిలో గుసగుసలాడినట్టుంటుంది. ఆ స్పీకర్లలోంచి రావాలి. వంటింట్లోకి వినపడాలి."

వంటింట్లోకి ఎందుకు వినపడాలో ఆయన చెప్పలేదు. ఆమె అడగలేదు.

ఆ శనివారం తండ్రీకూతుళ్లిద్దరూ ఆడియో షాపుకి వెళ్లారు. ఆయన్ని చూడగానే షాపతను నవ్వు మొహం పెట్టాడు గానీ, కళ్లలో మాత్రం 'మళ్లీ వచ్చాడ్రా బాబూ' అన్న భావం దాగలేదు.

"సార్, ఈసారి మీకోసమే తెప్పించాను. ఇది చూడండి. ఒక పాటకీ ఇంకో పాటకీ మధ్య క్షణం కూడా ఖాళీ రానివ్వదు. వెనకే అతికించినట్టు వచ్చేస్తుంది!"

ఆయన మొహం వాడిపోయింది. "రానివ్వదా?"

"అస్సలు రానివ్వదు సార్."

"నాకు ఖాళీ కావాలయ్యా."

షాపతను కూతురి వైపు చూశాడు. కూతురు గోడకున్న స్పీకర్ల వైపు చూసింది.

"పోనీ ఇది చూడండి సార్. చిన్నగా ఉన్నదాన్ని పెంచుతుంది, గట్టిగా ఉన్నదాన్ని తగ్గిస్తుంది. అంతా ఒకే మోతాదులో వినపడుతుంది."

"అంటే, దూరం నుంచి మాట్లాడినా దగ్గర్నుంచి మాట్లాడినట్టే ఉంటుందా?"

"అదే సార్ దీని గొప్ప!"

"అయితే వద్దు. దూరం నుంచి మాట్లాడింది దూరం నుంచే వినపడాలి."

షాపతను చెబుతున్నదొకటి, ఈయనకు కావలసింది మరొకటి. ఏ స్ట్రీమరూ రికార్డింగులో ఉన్నదాన్ని తనంతట తాను మింగేయదు. ఆ ముక్క అతనికి చెప్పాలని తోచలేదు, ఈయనకు అడగడం చేతకాలేదు. ఆయనకు కావలసింది పాటలు కాదు. టీచరమ్మకి మైకు ఆపి మళ్లీ పెట్టే ఓపిక ఉండేది కాదు. ఒక పాట అయ్యాక ఇంకో పాట ఎత్తుకునేలోపు వంటింటి వైపు తిరిగి, "ఏమండీ, ఆ స్టవ్ తగ్గించండి", "ఏమండీ, మబ్బు పట్టింది, గొడుగు మర్చిపోకండి" అంటూ ఉండేది. ఈయన అక్కడినుంచే "ఊఁ" అనేవాడు, ఎప్పుడన్నా ఒక మాట కలిపేవాడు. వాళ్ల కాపురంలో మాటలన్నీ దాదాపు అంతే. ఆవిడ మాటలన్నీ ఆ డిస్కులో ఉన్నాయి. పొద్దున్నే వంటింట్లో నిలబడి, హాల్లోంచి మళ్లీ ఒక్కసారి 'ఏమండీ' అనిపించుకోవాలని ఆయన ఆశ. అరవై దాటిన మనిషి ఆ మాట షాపతని ముందు, అందులోనూ కన్నకూతురి ముందు ఎలా చెబుతాడు? సిగ్గుతో చచ్చిపోడూ! అందుకే "చూద్దాం" అని బయటికి నడిచాడు.

మర్నాడు కాఫీ వేళకి పై వాటాలో ఉండే ఆయన అక్కగారు దిగివచ్చింది. ఆవిడ నోటికి వీధంతా భయపడుతుంది.

"ఒరేయ్, పెళ్లికి పది నిమిషాల్లో సరే అన్నావు. ఈ డబ్బాకి ఇన్నాళ్లా?"

"అప్పుడు కాదనే సందు నువ్విస్తే కదక్కా!"

"ఇస్తే కాదనేవాడివా?"

ఆయన కప్పు తీసుకుని అవతలికి వెళ్లిపోయాడు. అక్కగారు మేనకోడలి చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించింది.

"చిన్నీ, వాడు తేల్చడే. దాని గొంతు వినడానికి వాడికి ధైర్యం చాలడం లేదు. నువ్వే ఏదో ఒకటి కొని తెచ్చి పెట్టెయ్. ఏడిస్తే ఒక్కసారే ఏడుస్తాడు."

చిన్నికి అది నిజమే అనిపించింది. ఆ పనికి తనకంటే తగినవాళ్లెవరున్నారు? ఆమె ఆడియో పుస్తకాలు తయారుచేసే స్టూడియోలో సౌండ్ ఎడిటరు. పుస్తకం చదివినవాళ్ల రికార్డింగులోంచి అనవసరమైనవన్నీ ఏరి పారెయ్యడం ఆమె పని. ఊపిరి చప్పుడు, పెదాల చప్పుడు, కుర్చీ కిర్రుమనడం, వీధిలో బండి హారన్ ఏదీ ఆమె చెవి దాటి పోలేదు. ఆ స్టూడియోకొక పద్ధతి ఉంది. శుభ్రం చేసిన రికార్డింగు చేతికొచ్చిన రోజే, ముడి రికార్డింగును ఆనవాలు లేకుండా చెరిపేస్తారు. చదివేవాళ్లు మధ్యలో విసుక్కున్నవీ, తిట్టుకున్నవీ బయటికి పొక్కకూడదని. కొన్నేళ్లుగా ఆ పని చేసీ చేసీ అది ఆమె చేతికి అలవాటైపోయింది.

తండ్రికి చెప్పకుండా డిస్కు స్టూడియోకి పట్టుకెళ్లి, అందులోవన్నీ అక్కడి కంప్యూటర్లోకి ఎక్కించుకుని, మధ్యాహ్నాలు పని అయ్యాక తలుపేసుకుని కూర్చుంది. మొదటి రోజు అమ్మ గొంతు చెవిలో పడగానే హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టి చాలాసేపు గోడ వైపు చూస్తూ ఉండిపోయింది. రెండో రోజు కాసేపు వినగలిగింది. మూడో రోజుకి పనిలో పడింది. పాటల మధ్య కుక్కర్ విజిళ్లు తీసేసింది. తప్పు ఎత్తుగడలు తీసేసింది. "ఏమండీ"లు తీసేసింది. పాత రికార్డింగుల్లో అమ్మ ఎప్పుడో ఒకసారి దగ్గేది. పోనుపోను ఆ దగ్గు ఎక్కువైంది. చివరి వాటిలో పాట కంటే దగ్గే ఎక్కువ. వాటి దగ్గర ఆగి ఆగి, విని విని, ఏడ్చి ఏడ్చి కోసింది. నాన్న ఈ దగ్గు వింటే తట్టుకోలేడనుకుంది. తట్టుకోలేనిది తనేనని ఆమెకు తోచలేదు.

స్ట్రీమరు కూడా తనే ఎంచింది, నల్లటిది, ముందువైపు ఒకే ఒక్క మీట ఉన్నది. నాన్నకి తికమక ఉండకూడదని. తీరా తగిలిస్తే అది ఆ పాత డిస్కును గుర్తుపట్టలేదు. ఫార్మాట్ చెయ్యాలంది, అంటే అందులో ఉన్నదంతా తుడిచెయ్యాలని. చిన్ని చేసింది. శుభ్రం చేసిన పాటలన్నీ దానిలోకి ఎక్కించింది. ముడివి స్టూడియో కంప్యూటర్లోంచి రోజూ చేసే పనిలాగే చెరిపేసింది. చెరిపేసినట్టు కూడా ఆమెకు ప్రత్యేకంగా గుర్తులేదు.

ఆదివారం పొద్దున ఆయన క్షౌరం చేయించుకుని ఇంట్లో అడుగుపెట్టేసరికి హాల్లో టీచరమ్మ పాడుతోంది.

ఆయన గుమ్మంలోనే నిలబడిపోయాడు. సోఫాలో కూర్చున్న అక్కగారు కొంగుతో కళ్లొత్తుకుంది. "రా నాన్నా" అని కూతురు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆయన హాల్లో కూర్చోలేదు. నేరుగా వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లి, అక్కడ గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. పెదాల మీద సన్నటి నవ్వు వచ్చింది.

మొదటి పాట అయింది. ఆయన తల కొంచెం ముందుకు వంచాడు. వెంటనే రెండో పాట మొదలైంది.

ఆయన కళ్లు తెరిచాడు. "కొంచెం వెనక్కి తిప్పమ్మా."

తిప్పింది. మళ్లీ మొదటి పాట, వెంటనే రెండోది. రెండు అయ్యాక మూడోది. ఆయన నవ్వు పోయింది.

"ఈ పెట్టె మింగేస్తోంది చిన్నీ. నేను భయపడింది ఇందుకే. రేపే తీసుకెళ్లి మార్చుకు రా."

"పెట్టె కాదు నాన్నా." చిన్ని నవ్వింది. ఇన్నాళ్లూ దాచుకున్న సంతోషమంతా ఆ నవ్వులో ఉంది. "నేనే! అన్నీ కూర్చుని శుభ్రం చేశాను. ఒక్క చప్పుడు లేదు చూడు."

"శుభ్రం చేశావా?"

"ఊఁ. అన్నీ."

"మీ అమ్మ ఏం మురికి చేసిందని శుభ్రం చేశావు?"

ఆ గొంతు ఆమె ఎప్పుడూ వినలేదు. నవ్వు అలాగే మొహం మీద ఆగిపోయింది.

"అది కాదు నాన్నా, మధ్యలో కుక్కరూ, మాటలూ..."

"పాత డిస్క్ ఏది?"

"ఇదే."

"ఇందులో ముందు ఉన్నవి?"

చిన్నికి అప్పుడు గుర్తొచ్చింది, ఏం చేసిందో. "చెరిపేశాను" అంది. అంటున్నప్పుడే ఆ మాట తనకే కొత్తగా వినిపించింది.

ఆయన గోడ పట్టుకున్నాడు. అక్కగారు లేవబోయి మళ్లీ కూర్చుంది. స్పీకర్లలో టీచరమ్మ హాయిగా పాడుతూనే ఉంది.

"పాటలు నాకెందుకే?" అన్నాడాయన. "పాటలు బడి పిల్లల కోసం పాడింది. మధ్యలో మాటలే నాకోసం మాట్లాడింది. నాకని మిగిలినవి అవే. అవి తీసి పారేశావా?"

"నాకేం తెలుసు?" చిన్ని గట్టిగా అంది. "ఒక్కసారైనా చెప్పావా? ఎన్ని షాపులు తిరిగాం! ఖాళీ కావాలి, దూరం కావాలి అంటావేగానీ, అమ్మ మాటలు కావాలని ఒక్కసారన్నావా? నీకు బాధ కలగకూడదనే కదా చేశాను. ఆ దగ్గు ఉంది వాటిలో. దగ్గీ దగ్గీ ఊపిరి అందక... నీకు ఆ దగ్గు కూడా కావాలా?"

"కావాలి."

"నాకొద్దు!"

"నీకు వద్దని నాది కూడా తీసేస్తావా?"

ఆయన చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆదివారం షాపుకి సెలవు. ఆయన షట్టరు సగం ఎత్తి లోపలికి దూరి, మళ్లీ కిందికి లాక్కోవడం వీధిలో అందరూ చూశారు.

చిన్ని ఊరుకోలేదు. మర్నాడే డిస్కు పట్టుకుని, పోయిన ఫైళ్లు వెనక్కి తెచ్చేవాళ్ల దగ్గరికి పరుగెత్తింది. అక్కడి మనిషి దాన్ని రెండు రోజులు ఉంచుకుని పెదవి విరిచాడు. "ఫార్మాట్ చేసి అంతటితో ఊరుకుని ఉంటే ఏమన్నా చూసేవాణ్ణి మేడమ్. మీరు పైన మళ్లీ రాసేశారు." స్టూడియో కంప్యూటర్ సంగతి ఇంకొకరిని అడగనక్కర్లేదు. అక్కడ చెరిపితే తిరిగి రాదని ఆమెకే తెలుసు. రాకూడదనే కదా అలా చెరిపేది.

ఆ వారమంతా ఇంట్లో పాలు పొంగలేదు. ఆయన స్టవ్ ముందు నిలబడి పాలనే చూస్తున్నాడు. "తిన్నావా" అంటే "తిన్నాను", "షాపుకెళ్తున్నావా" అంటే "ఊఁ". తిట్టినా బాగుండుననిపించింది చిన్నికి. అత్త దగ్గరికి వెళ్లి ఒళ్లో తలపెట్టుకుంది.

"నేను చెప్పబట్టే కదే చేశావు" అంది అత్త, తల నిమురుతూ. ఆవిడ నోట ఎప్పుడూ రాని మాట అది. "నువ్వేం కావాలని చెయ్యలేదు. ఆ మాట వాడికీ తెలుసు. తెలిసినా నొప్పి తగ్గదు, అంతే."

మళ్లీ ఆదివారం వచ్చింది. మధ్యాహ్నం చిన్ని తన గదిలో పడుకుని ఉంటే హాల్లోంచి పాట వినిపించింది. ఆయనే మీట నొక్కి పెట్టుకున్నాడు. లేచి వచ్చి చూసింది. స్పీకర్ల ఎదురుగా కుర్చీ వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. దొరికిందేదో అదే విందామని కూర్చున్న మనిషిలా ఉన్నాడు. ఆమె కొంచెం ఎడంగా నేల మీద కూర్చుంది.

పాట చివరికొచ్చింది. ఆ చివరి స్వరం ఆగిన చోట చిన్ని తల ఎత్తింది. అక్కడ కోసింది తనే. ఆ కోత ఎవరి చెవికీ తెలియదు, ఆమె చెవికి తెలుస్తుంది. గబుక్కున లేచి మీట నొక్కి ఆపేసింది.

"ఇక్కడ ఉంది నాన్నా."

"ఏముంది?"

"అమ్మ మాట." ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. "ఏమండీ... ఆ కిటికీ వెయ్యండి, బండ్ల మోత వస్తోంది."

చివర్న కొంచెం సాగదీసి, వంటింటి వైపు తిరిగి, అచ్చం టీచరమ్మ అన్నట్టే అంది. అనుకరించాలని అనలేదు. అది అలాగే వచ్చింది. ఆయన కుర్చీలోంచి ఆమె వైపు తిరిగాడు.

"నీకెలా గుర్తుంది?"

"నా చేత్తోనే కదా తీశాను. ఒక్కొక్కటి పదేసి సార్లు విన్నాక గానీ కొయ్యడానికి చెయ్యి రాలేదు. అన్నీ గుర్తున్నాయి నాన్నా. ఏది ఎక్కడుందో అంతా గుర్తుంది."

ఆయన కుర్చీ స్పీకర్ల దగ్గరికి జరుపుకున్నాడు. తర్వాత "పెట్టు" అన్నాడు.

రెండో పాట. అది అయ్యాక ఆమె ఆపకముందే ఆయన "ఇక్కడ?" అన్నాడు.

"ఇక్కడ నవ్వింది. పెద్దగా. నువ్వేదో అన్నావు, దూరంగా ఉన్నావు కదా, మైకులో పడలేదు. దానికి నవ్వింది."

"నేనేమన్నానో నాకు తెలుసు." ఆయన స్పీకర్ల వైపు చెయ్యి చూపించాడు. "పైస్థాయిలో అందుకుంది చూశావూ... ఇంకాస్త గట్టిగా పాడు, వీధిలో వాళ్ల కళ్లద్దాలన్నీ పగులుతాయి, మనకు బేరమే బేరం అన్నాను."

చిన్ని నవ్వబోయి ఏడ్చింది. ఆ నవ్వు ఎందుకో తెలియకుండానే తను కోసి పారేసింది. ఆయన వెనకనుంచి అన్న మాటేదీ ఏ డిస్కులోనూ ఎప్పుడూ లేదు. అది ఆయన దగ్గరే ఉంది.

అలా పాట తర్వాత పాట విన్నారు. ప్రతి అతుకు దగ్గరా ఆమె ఆపి అమ్మ మాట చెప్పేది. దానికి తనేమన్నాడో ఆయన చెప్పేవాడు. గొడుగు దగ్గర "నాకొద్దు, తడిస్తే కరిగిపోను" అన్నాడట. స్టవ్ దగ్గర అబద్ధమాడాడట, తగ్గించకుండానే తగ్గించానన్నాడనీ, ఆ రోజు కూర మాడిందనీ ఇప్పుడు ఒప్పుకున్నాడు. సాయంత్రం కాఫీకి దిగిన అక్కగారు గుమ్మంలో ఆగి, ఇద్దర్నీ చూసి, చప్పుడు చెయ్యకుండా మెట్లెక్కి వెళ్లిపోయింది.

ఆఖరి రికార్డింగు వచ్చింది. ఆ పాట సగమే ఉంది. చిన్ని మీట నొక్కి ఆపింది.

"ఇక్కడ దగ్గు కదూ?" అన్నాడాయన.

ఆమె తలూపింది.

"చాలాసేపా?"

"చాలాసేపు."

"తర్వాత?"

చిన్ని పెదవి కొరుక్కుంది. "తర్వాతది చెప్పలేను నాన్నా."

"చెప్పమ్మా. అది కూడా నాదే కదా."

ఆమె వంటింటి వైపు తిరిగింది. ఈసారి గొంతు దానంతట అది తగ్గిపోయింది, పక్క గదిలో ఎవరో నిద్రపోతున్నట్టు.

"ఏమండీ... చిన్ని గది తలుపు దగ్గరగా వెయ్యండి. నా దగ్గు దాని చెవిన పడితే భయపడుతుంది. దానికేం వినపడకూడదు."

ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. చిన్ని మాట్లాడుతూనే ఉంది, ఆపడం చేతకానట్టు.

"అప్పుడు నేను మెలకువగానే ఉన్నాను నాన్నా. తలుపు పడింది, విన్నాను. దగ్గు కూడా వినపడుతూనే ఉంది. ఎందుకు వేశారో ఆ రోజు తెలియలేదు. అమ్మ నాకు వినపడకూడదనుకుంది. నేను నీకు వినపడకూడదనుకున్నాను. ఆ మాట విని కూడా కోసేశాను. అమ్మ నాకోసం అన్న మాటది ఒక్కటే ఉంది, దాన్ని కూడా కోసేశాను."

టీచరమ్మ పోయిన రోజున కూడా అంతగా ఏడవని పిల్ల, నేల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన కుర్చీలోంచి దిగి, మోకాళ్లు పట్టేసినా లెక్కచెయ్యక ఆమె పక్కన చతికిలబడి, తల దగ్గరికి తీసుకున్నాడు. ఆయన కన్నీళ్లు ఆమె జుట్టులో పడుతున్నాయి.

"నేనేమన్నానో చెప్పనా?" అన్నాడు కాసేపటికి.

"ఏమన్నావు?"

"అది అంత తేలిగ్గా భయపడదులే, దానికి నేను లేనూ? అన్నాను."